ఆఫీస్ కంప్యూటర్లకి ఏ యాంటీవైరస్ వెయ్యాలి? పేరు కంటే ముందు అడగాల్సిన 6 ప్రశ్నలు

మనం ఎప్పుడూ ఫోన్ల గురించి, యాప్‌ల గురించి మాట్లాడుకుంటాం కదా. ఈరోజు మాత్రం షాపుల్లో, ఆఫీసుల్లో ఉండే కంప్యూటర్ల గురించి మాట్లాడుకుందాం. "మాకెందుకు అన్నా, మా దగ్గర ఉన్నది ఫోనే" అనుకోకండి. చుట్టాల్లో ఎవరికి షాపున్నా, చిన్న ఆఫీసున్నా, "ఒరేయ్, మంచి యాంటీవైరస్ ఏదో చూసి వెయ్యరా" అని అడిగేది మిమ్మల్నే. నన్నూ అలాగే అడిగారు. నేను వేశాను. అది సరిపోలేదు. ఏం జరిగిందో ముందు చెప్తాను.

మా బాబాయ్‌కి విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ షాపు ఉంది. మొత్తం 9 కంప్యూటర్లు. బిల్లింగ్ కౌంటర్లో, గోడౌన్‌లో, లోపలి గదిలో. ఆ లోపలి గదిలో ఉన్నదాన్నే అందరూ సర్వర్ అంటారు, టాలీ డేటా అంతా అందులోనే. నేను ఏం చేశానంటే, నెట్‌లో "టాప్ 10 యాంటీవైరస్" లిస్టు చూసి, మంచి పేరున్నది ఒకటి తీసుకున్నాను. మూడు కంప్యూటర్లకి పనిచేసే హోమ్ ప్యాక్‌లు మూడు కొంటే తొమ్మిదికీ సరిపోయాయి. వేసి వచ్చేశాను. బాబాయ్ ఖుషీ, నేనూ ఖుషీ.

రెండేళ్ల తర్వాత ఒక సోమవారం పొద్దున్నే ఫోన్. "ఏరా, టాలీ ఓపెన్ అవట్లేదు. ఫైళ్ల పేర్లన్నీ మారిపోయాయి. డెస్క్‌టాప్ మీద ఏదో ఇంగ్లీషులో రాసి ఉంది, డబ్బులు కట్టమంటున్నారు." అదే రాన్సమ్‌వేర్. డేటా మొత్తం తాళం వేసేసి, తాళంచెవి కావాలంటే డబ్బులివ్వమంటారు. బ్యాకప్ ఉంది కదా అంటారా? ఉంది. కానీ ఆ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఎప్పుడూ సర్వర్‌కే తగిలించి ఉంటుంది. దాన్నీ లాక్ చేసేశారు.

యాంటీవైరస్ ఏం చేసింది మరి? ఇక్కడే అసలు సంగతి ఉంది, జాగ్రత్తగా వినండి. అది పనిచేసింది! ఇంటి నుంచి అకౌంట్స్ చూసుకోడానికని ఎవరో సర్వర్‌కి రిమోట్ డెస్క్‌టాప్ ఓపెన్ చేసిపెట్టారు. పాస్‌వర్డ్ ఏంటంటే షాపు పేరు, పక్కన 123. బయటివాళ్లు దాన్ని ఊహించి లోపలికి వచ్చారు. శుక్రవారం ఒక హ్యాకింగ్ టూల్ పెట్టబోతే యాంటీవైరస్ ఆపేసింది, స్క్రీన్ మీద ఎర్రగా మెసేజ్ కూడా చూపించింది. బ్యాకప్ తీసుకోడానికి వెళ్లిన కుర్రాడు దాన్ని చూసి, ఎక్స్ గుర్తు నొక్కి క్లోజ్ చేసేశాడు. అతని తప్పు కాదు, అది ఎవరికి చెప్పాలో అతనికెవరూ చెప్పలేదు. వచ్చినవాళ్ల చేతిలో అడ్మిన్ పాస్‌వర్డే ఉంది కాబట్టి, ఆదివారం రాత్రి యాంటీవైరస్‌నే ఆపేసి వాళ్ల పని వాళ్లు కానిచ్చారు.

డబ్బులు కట్టలేదు. ఆడిటర్ గారి దగ్గర మూడు నెలల క్రితం ఇచ్చిన డేటా కాపీ ఉంది, అదొక్కటే మిగిలింది. ఆ మూడు నెలల బిల్లులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాం, 19 రోజులు పట్టింది. కొన్ని కాగితాలు దొరకలేదు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలీక, అడిగితే కొందరు నిజాయితీగా చెప్పారు, కొందరు "మేం ఎప్పుడో కట్టేశాం" అన్నారు. బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

సో, ఆ తర్వాత నాకర్థమైంది ఒక్కటే. నేను "ఏది బెస్ట్?" అని అడిగాను. "అది అరిస్తే ఎవరు వింటారు?" అని అడగలేదు. బిజినెస్ కంప్యూటర్లకి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది ఆ ప్రశ్నే.

ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ అనే మాట వినుంటారు. ఎండ్‌పాయింట్ అంటే పెద్ద విషయమేం కాదు, నెట్‌వర్క్‌కి చివర మనుషులు వాడే ప్రతి పరికరం. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, సర్వర్, ఫోన్. మామూలు హోమ్ యాంటీవైరస్ ఒక్కో కంప్యూటర్‌ని విడిగా చూసుకుంటుంది. ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ అన్నిటినీ కలిపి ఒకేచోట నుంచి చూసుకుంటుంది. ఇప్పుడు ప్రశ్నల్లోకి వెళ్దాం.

ఒకటో ప్రశ్న. అలర్ట్ ఎవరికి వెళ్తుంది? బిజినెస్ వెర్షన్లలో కన్సోల్ అని ఒకటి ఉంటుంది, బ్రౌజర్‌లో ఓపెన్ అవుతుంది. ఏ కంప్యూటర్లో ఏం దొరికింది, ఏది అప్‌డేట్ కాలేదు, ఎక్కడ ప్రొటెక్షన్ ఆఫ్ అయింది, అన్నీ ఒకే స్క్రీన్ మీద. ముఖ్యమైనవి మెయిల్‌కి వచ్చేలా పెట్టుకోవచ్చు, అంటే మీ ఫోన్‌కే వస్తాయి. మాకు ఇదే ఉండి ఉంటే శుక్రవారం అలర్ట్ నా జేబులో మోగేది. రెండు రోజుల టైమ్ ఉండేది. చూసే మనిషే లేకపోతే, 24 గంటలూ వాళ్లే చూసిపెట్టే సర్వీస్ ఉంటుంది, దాన్ని ఎమ్‌డీఆర్ అంటారు. ఖర్చు ఎక్కువ. కానీ ఎవరూ చూడని ఖరీదైన సాఫ్ట్‌వేర్ కంటే, రోజూ ఒకరు చూసే మామూలు సాఫ్ట్‌వేర్ నయం.

రెండో ప్రశ్న. దాన్ని ఆపడం ఎంత తేలిక? ట్యాంపర్ ప్రొటెక్షన్ ఉందా, అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలంటే పాస్‌వర్డ్ అడుగుతుందా, చూడండి. దొంగలు ముందు చేసే పని కుక్కకి బిస్కెట్ వెయ్యడమే కదా. అలాగే రోజూ బిల్లులు కొట్టేవాళ్లకి అడ్మిన్ అకౌంట్ ఇవ్వకండి, మామూలు యూజర్ అకౌంట్ చాలు. ఇది ఫ్రీ, ఈరోజే చెయ్యొచ్చు.

మూడో ప్రశ్న. మీ దగ్గరున్న మిషన్లన్నిటికీ పనిచేస్తుందా? సర్వర్ విండోస్‌కి చాలా హోమ్ వెర్షన్లు ఇన్‌స్టాలే అవ్వవు. ఫ్రీ యాంటీవైరస్‌లలో చాలావాటి షరతుల్లో, సొంత వాడకానికి మాత్రమే, వ్యాపారానికి కాదు అని ఉంటుంది. అది చదవకుండా ఓకే కొట్టేస్తాం. ఇంకోటి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ మిషన్లు ఇంకా ఉంటే వాటిని మార్చే ప్లాన్ వేసుకోండి. పాత కంప్యూటర్ మీద కొత్త యాంటీవైరస్ వేస్తే సరిపోతుంది అనుకోవద్దు.

ఎందుకంటే 2017 గుర్తు తెచ్చుకోండి. మే 12న వాన్నాక్రై వచ్చింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. రెండు నెలల ముందు! అప్‌డేట్ చేసినవాళ్ల మిషన్లకి ఆ దారి మూసేసినట్టే. కొన్ని ఎండ్‌పాయింట్ ప్యాకేజీల్లో ఏ కంప్యూటర్‌కి ఏ అప్‌డేట్ పెండింగ్ ఉందో చూపించే ప్యాచ్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. ఉందా అని అడగండి.

నాలుగో ప్రశ్న. మీ పాత కంప్యూటర్ దాన్ని మోయగలదా? స్లో అయితే స్టాఫ్ ఏం చేస్తారో మీకు తెలుసు, ఆఫ్ చేసేస్తారు. అందుకే కొనేముందు ట్రయల్ వేయండి. అదీ మీ దగ్గరున్న అన్నిటికంటే డొక్కు మిషన్ మీద, రష్ ఉన్న రోజు. ఇంకా జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అని రెండు ల్యాబులున్నాయి. ఏవీ-టెస్ట్ వాళ్లు ప్రొటెక్షన్‌కి 6, స్పీడ్‌కి 6, వాడకానికి 6, మొత్తం 18కి మార్కులు వేస్తారు. బిజినెస్ వెర్షన్లకి విడిగా టెస్ట్ ఉంటుంది, అదే చూడండి. యూట్యూబ్ లిస్టుల్లో కింద డిస్కౌంట్ లింక్ ఉంటే, ఆ లిస్టు ఎందుకు చేశారో అర్థం చేసుకోండి. నేను పడింది అక్కడే.

ట్రయల్‌లో ఇంకో చిన్న పని. ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఉంటుంది. 68 అక్షరాల టెక్స్ట్ అంతే, నిజమైన వైరస్ కాదు, ఏ హానీ చెయ్యదు. కానీ యాంటీవైరస్‌లు దాన్ని చూస్తే పట్టుకోవాలని ఒప్పందం. గోడౌన్ కంప్యూటర్లో దాన్ని డౌన్‌లోడ్ చేసి, మీ ఫోన్‌కి ఎంతసేపట్లో మెయిల్ వస్తుందో చూడండి. రాకపోతే ఒకటో ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేనట్టే.

ఐదో ప్రశ్న. తెలీని వైరస్ వస్తే? పాత పద్ధతి ఏంటంటే, తెలిసిన వైరస్‌ల గుర్తులతో పోల్చి చూడటం. ఇప్పుడు రోజూ కొత్తవి వస్తున్నాయి కాబట్టి, ప్రోగ్రామ్ ప్రవర్తన చూడాలి. ఒకే నిమిషంలో వందల ఫైళ్లు మార్చేస్తోందంటే అనుమానించి ఆపెయ్యాలి. దీన్ని బిహేవియర్ డిటెక్షన్ అంటారు. ఈడీఆర్ అనేది ఇంకో మెట్టు పైన. అసలు ఎక్కడి నుంచి వచ్చింది, ఏమేం ముట్టుకుంది అన్నది రికార్డు చేస్తుంది. అవసరమైతే ఆ ఒక్క కంప్యూటర్‌ని నెట్‌వర్క్ నుంచి దూరంగా పెట్టేస్తుంది. 9 కంప్యూటర్ల షాపుకి ఇది కావాలా? అలర్ట్ చదివి అర్థం చేసుకునే మనిషుంటే తీసుకోండి. లేకపోతే దాని ముందు బ్యాకప్ మీద డబ్బు పెట్టండి.

ఆరో ప్రశ్న. కంపెనీ ఎలాంటిది? ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తుతారా, రెన్యువల్ రేటు ఎంత, సర్వర్‌కి వేరే రేటా? మొదటి ఏడాది ఆఫర్ చూసి మోసపోకండి. మన దేశంలో పుణె క్విక్ హీల్ వాళ్లకి బిజినెస్‌ల కోసం సెక్రైట్ ఉంది, చెన్నైలో కే7 ఉంది. మైక్రోసాఫ్ట్‌లో డిఫెండర్ ఫర్ బిజినెస్ ఉంది, 300 మంది యూజర్ల వరకు. విండోస్‌తో ఫ్రీగా వచ్చే డిఫెండర్ కూడా చెడ్డదేం కాదు, కానీ దాంతో అన్నీ ఒకేచోట చూసే కన్సోల్ రాదు. వీటిలో ఫలానాదే కొనమని నేను చెప్పను. ఆరు ప్రశ్నలూ పట్టుకెళ్లండి, జవాబులే చెప్తాయి.

పెద్ద పేరుంటే చాలు అనుకుంటే, 2024 జూలై 19 చూడండి. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసిచ్చారు, ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. అది ఎటాక్ కాదు, కాపాడాల్సిన సాఫ్ట్‌వేర్‌లో జరిగిన పొరపాటు. అందుకే అప్‌డేట్లు ముందు ఒకట్రెండు మిషన్లకి, తర్వాత మిగతావాటికి వెళ్లేలా సెట్ చేసుకునే వీలుందా అని అడగాలి.

ఇక సాఫ్ట్‌వేర్ చెయ్యలేనివి మూడున్నాయి. బ్యాకప్ డిస్క్ పని అవ్వగానే పీకేసి బీరువాలో పెట్టాలి, రెండు డిస్కులు మార్చి మార్చి వాడితే ఇంకా మంచిది. రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి ఓపెన్ చెయ్యకూడదు, వీపీఎన్ పెట్టి, ఓటీపీ లాంటి రెండో తాళం పెట్టాలి. నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూడాలి. ఓపెన్ అవ్వని బ్యాకప్ బ్యాకప్ కాదు.

ఒకవేళ జరిగిపోతే? కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. ముందు లాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, బ్యాకప్ డిస్క్ తీసెయ్యండి. స్క్రీన్ ఫొటో తీసుకోండి. 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ ఇవ్వండి. ఇలాంటివి తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది. నో మోర్ రాన్సమ్ అనే సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కి ఫ్రీగా తాళాలు దొరుకుతాయి. మాకు దొరకలేదు, మీకు దొరకొచ్చు, తప్పకుండా చూడండి.

ఇప్పుడు బాబాయ్ షాపులో కన్సోల్ ఉంది. బిల్లింగ్ కుర్రాడి ఫోన్‌కి ఒక అలర్ట్, నా ఫోన్‌కి ఒకటి వస్తాయి. పోయిన వారం రాత్రి పదిన్నరకి అతనే ఫోన్ చేశాడు, "అన్నా, గోడౌన్ కంప్యూటర్లో ఎవరో పెన్ డ్రైవ్ పెట్టారంట, ఏదో దొరికిందంట, కేబుల్ పీకేశాను, చూడు" అని. చూస్తే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు బిల్లు ప్రింట్ కోసం తెచ్చిన పెన్ డ్రైవ్. చిన్న విషయమే. కానీ ఈసారి ఎక్స్ నొక్కకుండా ఫోన్ చేశాడు, నాకు కావాల్సింది అదే.

మీ ఇంట్లో ఎవరికైనా షాపుంటే, ఈ ఆదివారం ఒక్కసారి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "యాంటీవైరస్ ఏదైనా చెప్తే ఎవరు చూస్తున్నారు?" జవాబు రాకపోతే, ఈ ఎపిసోడ్ వాళ్లతో కలిసి చూడండి. మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటాను.