సైకిల్ సీటు – సోదరీమణులకు నాలుగు మాటలు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. వైద్యం సంగతి డాక్టర్లు చెబుతారు. నేను 35 ఏళ్ళు గుమాస్తాగా కుర్చీలో కూర్చున్నవాణ్ణి కనుక, కూర్చోవడం గురించి మాట్లాడే అర్హత కొంత ఉందనుకుంటాను. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ సైకిల్ ఎక్కే ఆడవారు సీటు ఎలా చూసుకోవాలో మనవి చేస్తాను.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలాది స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. ఒకరిని అడగకుండా తమ పని తాము చూసుకునే స్వేచ్ఛ దానివల్ల వారికి వచ్చింది. ఆ స్వేచ్ఛ 60 దాటినవారికి మరీ అవసరం.

మన సభ్యురాలొకరు ఈ మధ్య సైకిల్ కొన్నారు. దుకాణంవారు మెత్తగా ఉంటుందని చెప్పి లావుపాటి స్పాంజి సీటు బిగించి ఇచ్చారు. వారం తిరక్కుండా సైకిల్ మూలన పడింది. అడిగితే, "వయసైపోయింది అన్నయ్యగారూ, ఇక నావల్ల కాదు" అన్నారు. తర్వాత మా ఆవిడతో అసలు సంగతి చెప్పారు. కూర్చుంటే నొప్పి, తిమ్మిరి. ఈ మాట దుకాణంలో మగవారితో ఎలా చెబుతారు? ఇలా బయటికి చెప్పుకోలేక సైకిల్ మానేసినవారు ఇంకెందరో. తప్పు వయసుది కాదు, సీటుది.

కూర్చున్నప్పుడు మన బరువు పిరుదుల కింద రెండు పక్కలా ఉన్న ఎముకల మీద పడాలి. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు స్పాంజిలో దిగబడతాయి. మధ్యలోని స్పాంజి పైకి ఉబికి సుతిమెత్తని భాగాలను నొక్కుతుంది. ఆఫీసులో కుంగిపోయిన కుషను కుర్చీ కంటే బిగువైన పేము కుర్చీ ఎందుకు సుఖంగా ఉండేదో గుర్తు చేసుకోండి. సీటుకు కొంత బిగువు ఉండాలి. మధ్యలో గాడిగాని, ఖాళీగాని ఉంటే చాలామందికి ఇంకా మేలు.

ఇక వెడల్పు. స్త్రీలలో ఆ ఎముకల మధ్య దూరం సాధారణంగా మగవారికంటే కొంచెం ఎక్కువ. కాని మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి కొలుచుకోవడమే మంచిది. గట్టి స్టూలు మీద గీతలు గీతలుగా ఉండే అట్టపెట్టె ముక్క వేసి, పల్చని బట్టలతో ఒక నిమిషం కూర్చోండి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడిమధ్య నుంచి నడిమధ్యకు కొలవండి. కొంచెం వంగి తొక్కేవారు దానికి సుమారు 2 సెంటీమీటర్లు, నిటారుగా కూర్చునేవారు 4 సెంటీమీటర్ల దాకా కలుపుకోవాలి. మన లేడీస్ సైకిళ్ళ మీద నిటారుగానే కూర్చుంటాం కనుక కాస్త వెడల్పాటి, స్ప్రింగులున్న సీటు నప్పుతుంది. అవసరానికి మించి వెడల్పైతే తొడలు ఒరుసుకుంటాయి.

కొత్త సీటుకు డబ్బు పెట్టేముందు ఉన్నదాన్ని సరిచేసి చూడండి. పెన్షనర్లం కదా! పెడల్ కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ పెడితే కాలు చాపినట్టుండాలి. అప్పుడు ముందు పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మొదట్లో భయమైతే కాళ్ళు నేలకు అందేటట్టు దించుకుని, అలవాటయ్యాక పెంచుకోవచ్చు. సీటు గొట్టం మీద ఉన్న హద్దు గీత మాత్రం బయటికి కనబడకూడదు. సీటు చదునుగా ఉందో లేదో తాపీమేస్త్రీ రసమట్టంతో చూడవచ్చు. ముక్కు పైకి లేస్తే ముందు నొక్కుతుంది. మరీ వంగితే ముందుకు జారి బరువంతా మణికట్ల మీద పడుతుంది. ఒక పానాతో అయిదు నిమిషాల పని.

మధ్యలో లావు కుట్టు లేని బట్టలు వేసుకోండి. మొదట 10, 15 నిమిషాలు, రోజు విడిచి రోజు తొక్కండి. ఎముకల దగ్గర కాస్త నొప్పి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. తిమ్మిరి, మంట, పుండు పడటం మాత్రం ఓర్చుకోవలసినవి కావు. సీటు మార్చాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. తుంటి ఆపరేషన్ అయినవారు, గర్భసంచి జారినవారు ముందే డాక్టరును అడగాలి.

మగ మిత్రులకు ఒక విన్నపం. సీటు మీరు కొని తెచ్చి ఇవ్వకండి. ఆవిడనే తీసుకెళ్ళండి. సైకిల్ మీద బిగించి పది నిమిషాలు తొక్కనివ్వండి. నప్పకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడగండి.

ఆ సోదరి కొలత 12 సెంటీమీటర్లు వచ్చింది. 16 సెంటీమీటర్ల బిగువైన సీటు వేయించుకున్నారు. ఇప్పుడు రైతుబజారుకు ఆటో పిలవడం మానేశారు.