రైజ్ బాల్ నిజంగా పైకి లేస్తుందా?

ఇవాళ సాఫ్ట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. క్రికెట్ చూసేవాళ్ళకి ముందే ఒక మాట. మనకి పిచ్ అంటే నేల, అక్కడ పిచ్ అంటే పిచర్ విసిరే బంతి. అది నేలని తాకకుండానే బ్యాటర్ దగ్గరికి వెళ్తుంది. కాబట్టి మలుపు ఏదున్నా గాల్లోనే జరగాలి.

నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయి మూడు నెలలు రైజ్ బాల్ కోసం తంటాలు పడింది. రైజ్ బాల్ అంటే, దగ్గరికొచ్చేసరికి పైకి లేచినట్టు కనిపించే బంతి. తన బంతి బొంగరంలా తిరిగేది, కానీ ఏ మలుపూ లేకుండా వెళ్ళిపోయేది. నేనేమో "మణికట్టు ఇంకా గట్టిగా తిప్పమ్మా" అంటూ ఉండేవాణ్ణి. చివరికి ముంజేయి నొప్పి చేసి రెండు వారాలు బంతి పట్టలేకపోయింది. తప్పు తనది కాదండీ, నాది.

ఎందుకో చెప్తాను. ఈ బంతి చూడండి. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు సుమారు 180 గ్రాములు. దీని పైభాగం వెనక్కి, కిందిభాగం ముందుకు వచ్చేలా తిరుగుతోందనుకోండి. అది బ్యాక్‌స్పిన్. అప్పుడు బంతిని దాటి వెళ్ళే గాలి వెనకాల కొంచెం కిందికి మళ్ళుతుంది. బంతి గాలిని కిందికి తోస్తే, గాలి బంతిని పైకి తోస్తుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త పేరు అది. టాప్‌స్పిన్ అయితే ఇదంతా తలకిందులు, బంతి ఇంకా త్వరగా కిందికి దిగుతుంది, అది డ్రాప్ బాల్. మన స్పిన్నర్ టాప్‌స్పిన్ వేస్తే బంతి గాల్లో ఠక్కున దిగుతుంది చూశారా, అదే పని. పక్కకి తిరిగితే కర్వ్ బాల్.

మరి మా అమ్మాయి బంతి? అదీ తిరిగింది కదా! తిరిగింది, కానీ స్క్రూడ్రైవర్ తిరిగినట్టు. అంటే బంతి ఏ దిక్కుకి వెళ్తోందో, ఇరుసు కూడా అదే దిక్కుకి ఉంది. రైఫిల్ తూటా లాగన్నమాట. అలా తిరిగితే గాలి ఒక పక్కకి మళ్ళదు, తోపు రాదు. ఇంకా గట్టిగా తిప్పితే ఇంకా వేగంగా తిరిగే తూటా అవుతుంది, అంతే. కుట్ల వల్ల కొంత తేడా వస్తుంది గానీ, అసలు విషయం ఇరుసు ఎటు ఉందన్నదే.

సరే, మంచి బ్యాక్‌స్పిన్ పడితే బంతి నిజంగా లేస్తుందా? లెక్క వేద్దాం. మహిళల ఆటలో పిచర్ నిలబడే పలక నుంచి హోమ్ ప్లేట్‌కి 43 అడుగులు. ఆమె ముందుకి అంగవేసి వదులుతుంది కాబట్టి మిగిలేది 37 అడుగులు అనుకుందాం. గంటకి 105 కిలోమీటర్ల వేగంతో వేస్తే 0.4 సెకన్లు పడుతుంది. ఆ కాసేపట్లో భూమి ఆకర్షణకి బంతి దాదాపు 80 సెంటీమీటర్లు దిగాలి. సెకనుకి 20 చుట్లు తిరిగే బంతికి వచ్చే తోపు దాని బరువులో సుమారు 40 శాతం. అంటే 80 కాస్తా 50 దగ్గర ఆగుతుంది. వదిలిన గీతకి పైకి వంగడం మాత్రం జరగదు. అదే గీత మీద డ్రాప్ బాల్ వేస్తే 110 దిగుతుంది. రెండిటికీ తేడా రెండడుగులు!

బ్యాటర్ కన్ను మామూలు బంతి ఎంత దిగుతుందో అంచనా వేసి బ్యాట్ ఊపేస్తుంది. బంతి అంత దిగకపోతే "లేచింది" అనిపిస్తుంది. పైగా అది తుంటి దగ్గర నుంచి పైకి ఎక్కుతూ వస్తుంది. 2004లో ఒక సరదా మ్యాచ్‌లో జెన్నీ ఫించ్ బౌలింగ్‌కి, అదే, పిచింగ్‌కి, ఆల్బర్ట్ పుజోల్స్, మైక్ పియాజా లాంటి బేస్‌బాల్ మహామహులే అవుటయ్యారు. వాళ్ళ కళ్ళకి పైనుంచి కిందికొచ్చే బంతి అలవాటు మరి.

మీ పిల్లల బంతి ఎలా తిరుగుతోందో చూడ్డానికి పెద్ద కెమెరాలు అక్కర్లేదు. బంతి నడుం చుట్టూ కరెంటు టేపు ఒక చుట్టు వేయండి. టేపు నిలువుగా ఉండేలా పట్టుకుని వేయమనండి. క్యాచర్ వెనక నుంచి, వలకి ఇవతల నిలబడి, ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. టేపు నిలువు గీతలా కదలకుండా ఉంటే స్పిన్ బాగున్నట్టే. ఫ్యాన్ రెక్కలా గిరగిరా తిరిగితే అది తూటా.

మా అమ్మాయి వీడియోలో ఫ్యాన్ రెక్కే కనిపించింది. అప్పుడు మణికట్టు సంగతి వదిలేసి, వేళ్ళు బంతి కిందుగా ముందుకి కోసుకుంటూ వెళ్ళేలా, సగం వేగంతో, 15 అడుగుల దూరం నుంచి మొదలుపెట్టించాను. నొప్పి పూర్తిగా తగ్గాకే సుమా. ఇప్పుడు పది బంతుల్లో నాలుగైదుకి గీత నిలబడుతోంది.

వచ్చే ఎపిసోడ్‌లో చేంజప్ చూద్దాం. ఉంటానండీ.