సుమత్రా గ్రామమున ఉమ్మడి భూమి



ఇండొనీషియాలోని పశ్చిమ సుమత్రాలో మినంగ్‌కబావు రైతుల గ్రామమును ‘నగరి’ యందురు. అచట పూర్వుల వరిపొలములు తల్లి నుండి కుమార్తెకు సంక్రమించును. మేనమామ వానికి సంరక్షకుడే గాని యజమాని కాడు. వంశమువారు సమ్మతింపనిదే ఆ భూమిని తాకట్టు పెట్టరాదు. యువకులు దూర ప్రాంతములకేగి ఆర్జించుట ఆచారము; దీనిని ‘మెరంతావు’ అందురు. వారెంత దూరమేగినను పుట్టినింటి పొలము నిలిచియుండును.

1979 నాటి చట్టము దేశమంతట గ్రామపాలనకు ఒకే రూపమును నిర్ణయించెను. గ్రామమునకింతయని ప్రభుత్వ ధనము లభించుటచే, 1983లో నగరులను చిన్న గ్రామములుగా విభజించిరి. ధనము పెరిగెను, కాని పాలన యొకచోట, ఉమ్మడి భూముల పెత్తనము వేరొకచోట నయ్యెను. 2000 నాటి రాష్ట్ర శాసనముతో నగరులు మరల నెలకొనెను.

గ్రామమును విభజింప దలచినపుడు, వచ్చు ధనమునే గాక, విడిపోవు ఉమ్మడి పొలమును గూడ లెక్కింపవలెను.