ఆనకట్టకు కాపరి యెవరు?

(పఠనమందిర వార్షికసభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



కృష్ణాగోదావరుల ఒడ్డున పుట్టి పెరిగిన మనకు ఆనకట్ట యనునది వట్టి రాతికట్టడము కాదు. మన అన్నపుముద్ద దాని వెనుక నిలిచిన నీటినుండి వచ్చుచున్నది. మన దీపమును, మన త్రాగునీరును, మన రాకపోకలును దానిమీదనే ఆధారపడియున్నవి. సెలవుదినమున పిల్లలను వెంటబెట్టుకొని మనము చూడబోవునదియు ఆ కట్టనే. జీవనాధారమును విహారస్థలమును ఒక్కచోటనే కలిసియుండుట మన నదీతీరముల విశేషము. కావున వీని రక్షణమును గూర్చి నేడు మీతో కొంత ముచ్చటింప దలచితిమి.

రక్షణ మనగానే తుపాకి పట్టిన సిపాయి మన మనస్సున మెదలును. ఆ తలంపు నిరాధారము కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు విడిచినవి. 1943 మే నెలలో బ్రిటిషు విమానములు జర్మనీ దేశమున మోనె ఆనకట్టను బ్రద్దలుకొట్టగా దిగువ లోయయంతయు వరదపాలయ్యెను. 2023 జూన్ 6న ఉక్రెయినులో నీపర్ నదిపైనున్న కఖోవ్కా ఆనకట్ట యుద్ధము నడుమ కూలినది. విహారస్థలములకును ఈ భయము తప్పలేదు. 2007 ఆగష్టు 25 సాయంకాలమున హైదరాబాదులో లుంబినీ వనమున వెలుగుల ప్రదర్శనము చూడవచ్చినవారి నడుమను, కోఠిలోని గోకుల్ చాట్ దుకాణమువద్దను బాంబులు ప్రేలి నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో పగవారెవరు? చదువుకొనుటకు వచ్చిన పిల్లలు, ఫలహారమునకు వచ్చిన సంసారులు.

శత్రువు లేడని మేము చెప్పబోము. వానికొరకు కాపలా ఉండవలసినదే. కాని గడచిన కొన్నియేండ్లలో మన కట్టడములకును మన యాత్రికులకును వచ్చిన ఆపదలను వరుసగా పేర్చి చూచినచో, పగవాడు చేసిన చెరుపుకంటె అశ్రద్ధ చేసిన చెరుపే యెక్కువయని తేలుచున్నది. ఈ మాటకు సాక్ష్యము చూపుట మా బాధ్యత.

2024 ఆగష్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకు గల 33 తలుపులలో 19వ దాని గొలుసు తెగెను. తలుపు కొట్టుకొనిపోయెను. నిండుకుండవలె నున్న జలాశయమునుండి నీరు ఆ సందున ఎడతెగక పారినది. ఒత్తిడి తగ్గించుటకు తక్కిన తలుపులనుకూడ ఎత్తి నీటిని వదలవలసివచ్చెను. ఆంధ్ర, కర్ణాటక, తెలంగాణ రైతులు ఏడాదిపంటకై కనిపెట్టుకొనియున్న నీరది. తెగిన తలుపుచోట దింపుటకు సిద్ధముగా పలకలు లేవు. అప్పటికప్పుడు ఇనుపపలకలు చేయించి, పారుచున్న నీటిలోనే ఒకదానిపై నొకటి దింపి, వారము తిరుగునాటికి నీటిని నిలిపిరి. ఉద్యోగవిరమణ చేసిన ఇంజనీరు కన్నయ్యనాయుడుగారు ఆ పనికి పూనుకొనిరి. వారి నేర్పును దేశము మెచ్చుకొనినది. మెచ్చుకొనుట న్యాయమే. కాని గొలుసు తెగిన పిమ్మట వచ్చిన నేర్పును మెచ్చుకొనిన మనము, గొలుసు తెగకమునుపు దానిని పరీక్షించిన దెవరని యడిగితిమా?

ఆ సంగతి మరువకమునుపే, మూడు వారములలో, కృష్ణకు ఎన్నడు నెరుగని వరద వచ్చెను. సెప్టెంబరు మొదట ప్రకాశము బారేజివద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. 2009 అక్టోబరులో వచ్చిన 11 లక్షల 10 వేల క్యూసెక్కులనుకూడ ఇది మించినది. ఆ ప్రవాహములో ఎగువనుండి భారీ పడవలు కొట్టుకొనివచ్చి బారేజిని గ్రుద్దుకొనినవి. 67, 69, 70 సంఖ్యల తలుపులవద్ద సమతూకపు దిమ్మెలు దెబ్బతినినవి. ఈ దిమ్మె యనగా నేమో ఏతము నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఏతపు మ్రానుకు వెనుకతట్టున ఉంచిన బరువు నీటిబానను పైకి తెచ్చుటకు సాయపడునట్లు, ఈ కాంక్రీటు దిమ్మె బరువైన ఇనుపతలుపును ఎత్తుటకు యంత్రమునకు సాయపడును. అది విరిగినచో తలుపు మన చెప్పుచేతలలో నుండదు. ఇక్కడను కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణముననే కొద్దిదినములలో క్రొత్త దిమ్మెలు అమర్చిరి. చిక్కుకొనిన పడవలను బయటికి తీయుటకు మాత్రము రెండు వారములకు పైగా పట్టినది. అదే దినములలో బుడమేరు మళ్లింపుకాలువకు గండ్లుపడి విజయవాడలో సింగునగరు మొదలైన పేటలు మునిగినవి. ఆ గండ్లు పూడ్చుటకు సైన్యము రావలసివచ్చెను. సిపాయి వచ్చినాడు, తుపాకితో గాదు, రాళ్లబుట్టలతో.

ఈ పడవలు ఎట్లు వచ్చినవను విషయమై గొప్ప వివాదము చెలరేగినది. కుట్రయని కొందరు, ప్రమాదమని కొందరు వాదించిరి. పోలీసువారు కేసు పెట్టిరి. న్యాయవాదివృత్తిలోనున్న మేము న్యాయస్థానము తేల్చవలసినదానిని సభావేదికమీద తేల్చబోము. కాని ఆ వాదమునకు వెలుపల ఒక సత్యము కలదు. దానిని ఉభయపక్షములవారును కాదనలేరు. త్రాడు ఎవరైన విప్పియుండవచ్చును, తనంతట తాను తెగియుండవచ్చును. ఏదైనను, పన్నెండులక్షల యెకరములకు నీరిచ్చు కట్టడమునకు ఎగువన, వరదకాలమున, ఆ బరువుగల పడవ దానిని చేరగల స్థితిలో ఏల ఉండవలెను? ఎన్ని పడవలున్నవో లెక్క యెవరియొద్ద నున్నది? లంగరు గట్టిదో కాదో చూచిన దెవరు? కొట్టుకొనివచ్చినదానిని దూరముననే ఆపుటకు నదిలో అడ్డుగొలుసు ఏది? ఈ యేర్పాట్లున్నచో కుట్రదారుడు ఓడియుండును, ప్రమాదమును తప్పియుండును. పగవానినుండి కాపాడు కాపలాయును, ప్రకృతినుండి కాపాడు కాపలాయును చాలవరకు ఒక్కటేయని మేము చెప్పుట ఇందువలననే.

మనకిది క్రొత్తపాఠము కాదు. 1855లో పూర్తియైన బెజవాడ పాత ఆనకట్టకు 1952 వరదలో గండిపడినది. దాని స్థానమున 1957లో నేటి బారేజి వెలసి, ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి పేరు ధరించినది. కట్టడములకును ముసలితనము కలదని ఆనాడే తెలిసికొంటిమి. అయినను 2021 నవంబరు 19న కడపజిల్లాలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినది. ఎగువ పింఛా ప్రాజెక్టునుండి విరుచుకుపడిన నీరు దానిని ముంచివేసెను. పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. అయిదు తలుపులలో నొకటి పైకి లేవలేదను సంగతి రాజ్యసభలోనే వినవచ్చినది. అంతకు ముందటియేడు, 2020 ఆగష్టు 20 రాత్రి, శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున మంటలు చెలరేగి తొమ్మిదిమంది సిబ్బంది ప్రాణములు విడిచిరి. ఈ రెండుచోట్లను ఏ శత్రుసేనయు దండెత్తిరాలేదు.

యాత్రికుల గతి చూతము. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్టణము ఫెర్రీవద్ద కృష్ణలో పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగా మునిగిరి. రెండేండ్లయినను తిరుగకమునుపే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలు చూడబోవుచున్న పడవ కచ్చులూరువద్ద గోదావరి సుడిలో మునిగెను. అందులో 77 మంది యుండగా 26 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. గోదావరి వరదమీద నున్న దినమది. ఒడ్డుననున్న పల్లెవారు చిన్నపడవలతో వచ్చి చేయందించినందువలననే ఆ మాత్రము ప్రాణములు దక్కినవి. 2015 జులై 14న రాజమహేంద్రవరమున పుష్కరముల మొదటిదినమున త్రొక్కిసలాటలో 27 మంది మరణించిన సంగతి మీరెరుగుదురు. నదిలోనికి దిగుటకు ముందే, పుణ్యస్నానము చేయకయే, గట్టుమీద ప్రాణములు పోయినవి. గోదావరి పుష్కరములు తిరిగి 2027లో, కృష్ణా పుష్కరములు 2028లో రానున్నవి. పన్నెండేండ్ల కొకసారి నది మనలను పరీక్షించును. ఆ పరీక్షకు ప్రశ్నపత్రము ముందే మన చేతనున్నది.

చట్టము లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది. అన్నమయ్య కట్ట తెగిన పదునాలుగు దినములలోపుగనే, 2021 డిసెంబరు 2న, ఆనకట్టల భద్రతాబిల్లును రాజ్యసభ ఆమోదించినది. ఆ నెల 30వ తేదీనుండి చట్టము అమలులోనికి వచ్చెను. పదునైదు మీటర్లకు మించిన ఆనకట్టలన్నియు, పది పదునైదు మీటర్ల నడుమగలవానిలో కొన్నియు దీని పరిధిలోనివి. వానకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి ప్రతి ఆనకట్టను పరీక్షింపవలెను. పెద్దవరదగాని భూకంపముగాని వచ్చినపుడు మరల చూడవలెను. ఆపద వచ్చినచో ఎవరు ఎవరికి చెప్పవలెను, దిగువ గ్రామములను ఎట్లు ఖాళీచేయవలెను అను ప్రణాళికను ప్రతి ఆనకట్టకు అయిదేండ్లలోపుగ సిద్ధపరుపవలెను. అధికారుల పనికి అడ్డుపడినవారికిని, ఆదేశములను త్రోసివేసినవారికిని ఏడాదివరకు ఖైదు. అందువలన ప్రాణనష్టము కలిగినచో రెండేండ్లవరకు. కాగితముమీద ఇది మంచిచట్టమే. కాని చట్టము తానై గొలుసుకు నూనె పెట్టదు. నూనె పెట్టించునది ప్రజల ప్రశ్న.

ఇచ్చట మనకొక సమాధానము ఎదురగును: “ఇది భద్రతావిషయము, చెప్పరాదు.” ఈ సమాధానములో కొంత న్యాయము లేకపోలేదు. కట్టడములో బలహీనమైన చోటు ఏదో పటము గీచి అంగడిలో అమ్ముమని మేము కోరుట లేదు. కాపలావారు మారు వేళలు, తలుపులను నడుపు కంప్యూటరు తాళములు బహిరంగము చేయుమని కోరుట లేదు. కాని పరీక్ష జరిగిన తేదీ రహస్యమా? చేసిన అధికారి హోదా రహస్యమా? మరమ్మతునకు మంజూరైన సొమ్ములో ఎంత ఖర్చుపడినదో రహస్యమా? దిగువ గ్రామమునకు హెచ్చరిక ఏ విధముగ వచ్చునో అది రహస్యమైనచో ఇక హెచ్చరిక ఎవరికొరకు? 2005 సమాచారహక్కు చట్టము దేశభద్రతకు మినహాయింపు నిచ్చినది. ఆ చట్టమే ప్రజాప్రయోజనము బలవత్తరమైనపుడు మినహాయింపును దాటవచ్చుననియు చెప్పినది. ప్రాణమునకు స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమును 48 గంటలలో ఈయవలెననియు చెప్పినది. శత్రువునుండి దాచవలసినదానిని దాచవలెను. ప్రజలనుండి అశ్రద్ధను దాచుటకు భద్రత అను మాటను తెరగా కట్టరాదు.

కాపలాయందు మరియొక లోపము కలదు. 2023 నవంబరు 30వ తేదీ తెల్లవారుజామున నాగార్జునసాగరముమీద రెండు తెలుగు రాష్ట్రముల పోలీసులు ఎదురుబొదురుగా నిలువబడిరి. చివరకు కేంద్రబలగములు వచ్చి ఆనకట్టమీద నిలువవలసివచ్చెను. నీటివాటాల తగవు తగవే. దానికి బోర్డులు, ట్రిబ్యునళ్లు కలవు. కాని అన్నదమ్ములు ఇంటి వాకిలివద్ద పెనుగులాడుచుండగా ఇల్లు కనిపెట్టువా డెవరు? ఆనకట్ట ఏ రాష్ట్రమున నిలిచినను, తెగినచో ప్రవహించు నీరు సరిహద్దురాళ్లను చూచి ఆగదు.

కట్టుదిట్టముల పేరిట జాలరిని, సరంగును నదినుండి తరుముట మా యభిమతము కాదు. కచ్చులూరువద్ద ప్రాణములు నిలిపినది ఆ నదిబిడ్డలే. వారి పడవలకు సంఖ్య వేసి, గట్టి లంగరుచోట్లు చూపి, వరదహెచ్చరిక మొదట వారికి చేర్చినచో, జీతము లేని కాపరులు వేలకొలది దొరకుదురు. ఖర్చు ఎక్కడనుండి వచ్చునందురా? గొలుసు మార్చుటకగు ఖర్చును, కోల్పోయిన నీటి వెలను ప్రక్కప్రక్కన వేసి చూడుడు. ఆ లెక్కకు కళాశాలచదువు అక్కరలేదు.

మాటలతో సభ ముగియరాదు. ఈ పఠనమందిరమున ఒక పుస్తకము తెరువుడని మేము కోరుచున్నాము. ప్రతి సంవత్సరము మే నెలలో, మన ప్రాంతపు ప్రతి ఆనకట్టను, ప్రతి పడవలరేవును, ప్రతి స్నానఘట్టమును గూర్చి నాలుగు ప్రశ్నలు వ్రాసి అధికారులకు పంపుదము. కడపటి పరీక్ష ఏనాడు జరిగెను? అందులో తేలిన లోపములలో ఎన్ని సరిచేయబడినవి? ఆపద వచ్చినచో హెచ్చరిక ఎవరిద్వారా వచ్చును? ఆ హెచ్చరికను ఒక్కసారియైనను ప్రజలతో అభ్యాసము చేయించితిరా? వచ్చిన జవాబును ఆ పుస్తకమున వ్రాయుదము. రాకున్నచో రాలేదని తేదీతో వ్రాయుదము. అర్జీలు వ్రాసిపెట్టుటకు, అప్పీళ్లు నడుపుటకు మావంటి న్యాయవాదులు, సేవాదళమువారు రుసుము లేకుండ సిద్ధముగ నున్నారము.

ఈ యేటి వానకాలమునకు ముందు మొదటి అర్జీ వెళ్లవలెను. సంతకము చేయదలచినవారు సభానంతరము కార్యదర్శిగారిని కలిసికొన ప్రార్థితులు.