చేపలు తినిన రాక్షసిబల్లి



నేను ఉపాధ్యాయుడనై యుండగా ఒకనాడు తరగతిలో రాక్షసిబల్లుల పాఠము చెప్పుచుంటిని. ఒక బాలుడు లేచి, "పంతులుగారూ, వాటిని చూచినవా రెవరును లేరు గదా! అవి యేమి తినెనో యెట్లు తెలిసినది?" అని యడిగెను. "పుస్తకమున నున్నది, వల్లింపుము" అని గద్దించి కూర్చుండబెట్టితిని. అది నా తప్పు. నాడు చెప్పవలసిన సమాధానము నేడు మీకు చెప్పుచున్నాను.

పొగను జూచి కొండపై నిప్పు కలదని యెఱుగుట అనుమాన ప్రమాణమని తర్కమున చదివితిమి. ఎముకను జూచి ఆహారము నెఱుగుటయు నట్టిదే. ఇందుకు స్పైనోసారస్ అను జంతువు మంచి దృష్టాంతము. వెన్నున ముళ్లు గల బల్లి యని ఆ పేరునకు అర్థము. సుమారు 9 కోట్ల 50 లక్షల యేండ్ల క్రిందట అది ఉత్తరాఫ్రికాలో నివసించెను. నేటి యెడారి నాడు నదులతో నిండిన నేల. ఈజిప్టులోని బహరియా ఒయాసిస్సున 1912లో దొరకిన దాని యెముకలను జర్మను పండితుడు ఎర్నస్ట్ స్ట్రోమర్ పరీక్షించి, 1915లో ఆ పేరు పెట్టెను.

దాని పొడవు 40 అడుగులకు పైమాటే. వెన్నుపూసలపై 5 అడుగులు మించిన ముళ్లు నిలిచి, పడవ తెరచాపను తలపించెడివి. అయినను దాని జీవనమును తెలుపునది మూతియే. తక్కిన మాంసాహార రాక్షసిబల్లుల పండ్లు ఱంపపు అంచు గల కత్తులవంటివి. మాంసమును కోయుటకు తగినవి. దీని పండ్లు నున్నని మేకులవంటివి. జారిపోవు చేపను గ్రుచ్చి పట్టుటకు తగినవి. మన చంబల్ నదిలోని ఘరియాల్ అను సన్నమూతి మొసలి పండ్లును ఇట్టివే. ముక్కురంధ్రములు మూతికొనకు చాల వెనుక నున్నవి; కావున మూతిని నీట ముంచియు ఊపిరి పీల్చుకొన వీలుండెను. ఎముకలు గుల్లగా నుండక దట్టమై, నీట మునుగుటకు తోడ్పడెను.

"ఇదంతయు అనుమానమే గదా, ప్రత్యక్ష మేది?" అని మీరడుగవచ్చును. దీని జ్ఞాతి యగు బారియోనిక్స్ దానిని చూపినది. 1983లో ఇంగ్లండులోని సర్రే ప్రాంతమున, ఒక మట్టిగోతిలో, కొళాయిల పని చేయు విలియం వాకరునకు సుమారు 12 అంగుళముల గోరొకటి దొరకెను. త్రవ్వి చూడగా ఆ జంతువు కడుపు చోట, జీర్ణరసమున కరగిన చేపపొలుసులు కనబడెను! వాటితోడనే శాకాహారి యగు వేఱొక రాక్షసిబల్లి పిల్ల యెముకలును ఉండెను. కావున చేపలే గాక చిక్కినదెల్ల తినెడి దన్నమాట.

ఇక స్ట్రోమరు కూర్చిన యెముకల గతి వినుడు. యుద్ధకాలమున వానిని సురక్షితస్థలమునకు తరలింపుడని యాతడు ఎంత వేడినను వస్తుశాల అధికారి వినలేదు. 1944 ఏప్రిల్ 24వ తేది రాత్రి మ్యూనిక్ నగరముపై బాంబులు పడి, అవి యెల్ల భస్మమయ్యెను. మిగిలినవి ఆతని వర్ణనలు, చిత్రములు, కొన్ని ఛాయాపటములు మాత్రమే.

ఆతడు ప్రతి యెముకను కొలిచి వ్రాసియుండుట చేతనే, మొరాకోలో దొరకిన క్రొత్త యెముకలను నిజార్ ఇబ్రహీం మొదలగువారు 2014లో పోల్చి గుర్తింపగలిగిరి. 2020లో తెడ్డువంటి వెడల్పాటి తోక వెల్లడియైనది. అది నీట నీదుచు చేపలను తఱిమెనా, కొంగవలె ఒడ్డున పొంచి పట్టెనా యని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు.

ఎముకలు కాలిపోయినను, జాగ్రత్తగా వ్రాసిన వ్రాత కాలిపోలేదు. మీ మనుమలు "ఎట్లు తెలిసినది?" అని యడిగినప్పుడు నావలె గద్దింపకుడు. ఆ ప్రశ్నయే విద్యకు మొదలు.