పెరట్లో మొక్కకూ కేవైసీ కావాలి

(ప్రపంచ పర్యావరణ దినోత్సవం సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జూన్ 5న మొక్కలు నాటమని అందరూ చెబుతారు. నేను మనం నాటకుండానే మొలిచే మొక్క గురించి చెబుతాను.

కర్నూలుకు బదిలీ అయినప్పుడు మేం అద్దెకు దిగిన ఇంట్లో, బోరు పక్కన ఒక మొక్క మొలిచింది. అంట్ల నీళ్లు అటే పారేవి. వానాకాలం వెళ్లేసరికి నా తల దాటింది. పక్కింటాయన చూసి, "వేపచెట్టండీ, మీ అదృష్టం" అన్నారు. నేనూ ఔనన్నాను. ఎంబీఏ చదివాను గానీ, వేపాకును ఒక్కసారైనా ఆగి చూసినవాణ్ణి కాదు. మూడో ఏడు చెట్టు పూసింది, కాసింది.

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం, నాలుగేళ్ల మా బాబు కింద రాలిన పసుపుపచ్చని పండు కొరికాడు. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. ఆసుపత్రికి పరుగెత్తాం. "ఏం తిన్నాడు?" అని డాక్టరమ్మ అడిగితే, "వేపపండేనండీ" అన్నాను ధీమాగా. వేపపండు పిల్లలు చీకేదే కదా! ఆవిడ ముఖం కూడా తేలికపడింది.

అంతలో పండక్కి ఊరి నుంచి వచ్చిన మా అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, వేపపండు జూన్, జూలైల్లో రావాలి గానీ సంక్రాంతికేమిట్రా? ఇది తురకవేప. ఆ పండు విషం. డాక్టరుకు చెప్పు." పక్కింటి అబ్బాయి చేత ఆకులు, పండ్లు ఉన్న కొమ్మ కూడా పంపింది. డాక్టరమ్మ సాయంత్రం దాకా బాబును దగ్గరే ఉంచి చూశారు. తిన్నది కొంచెమే కాబట్టి గండం గడిచింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'తెలియదు' అనాల్సిన చోట 'తెలుసు' అన్నాను. లోన్ ఫైలు మీద అలా సంతకం పెడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు.

మర్నాడు అమ్మ రెండు కొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. వేపలో ఒకే ఈనెకు రెండు వైపులా కొడవలిలా వంగిన ఆకులుంటాయి. తురకవేపలో ఆ ఈనె మళ్లీ పక్క ఈనెలుగా చీలి, వాటికి ఆకులుంటాయి. వేపపువ్వు తెలుపు, దీనిది లేత ఊదా. వేపపండు కోలగా ఉంటుంది, ఇది గుండ్రం. ఆకు రాలిపోయినా పండ్ల గుత్తులు చెట్టునే వేలాడతాయి. పిట్టలు తిని గింజలు చల్లుతాయి. మా పెరట్లోకి అలాగే వచ్చి ఉంటుంది.

ఇలాంటి 'పరిచయం లేని ఖాతాదారులు' ఇంకా ఉన్నారు. చింతాకు లాంటి సన్న ఆకులు, తెల్లని బంతుల్లాంటి పూలు, గుత్తులుగా పలచని కాయలు ఉంటే సుబాబుల్. పెంట ఎరువు తోలించాక ముళ్లతో మొలిచేది చాలాసార్లు సర్కారు తుమ్మ. మేకలు కాయలు తింటే గింజలు ఎరువులో కలిసి వస్తాయి. గోడ పగుల్లో తోకలాంటి కొస ఉన్న ఆకు కనబడితే రావి. వేళ్లు గోడను చీల్చకముందే, చిన్నగా ఉన్నప్పుడే తీసేయాలి. నక్కరేగు మాత్రం మంచి చుట్టం. దాని ఎర్రని పండ్లు పిల్లలు తినొచ్చు.

గుర్తుపట్టడానికి ఒక్క ఆకు చాలదు. ఈనె అమరిక, బెరడు, పువ్వు, కాయ, కాసే కాలం, అన్నీ చూడాలి. ఫోన్ యాప్ చెప్పిన పేరును దరఖాస్తు అనుకోండి, మంజూరు అనుకోవద్దు. నర్సరీవాళ్లకో, వృక్షశాస్త్రం చెప్పే మాస్టారికో చూపించండి. పేరు తేలేవరకు దాని కాయ పిల్లల చేతికి అందనివ్వకండి. పొరపాటున తింటే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం వద్దు. కొమ్మతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

2002 నాటి వాల్టా చట్టం ఉంది కాబట్టి, ఇంటాయనతో మాట్లాడి, మునిసిపల్ ఆఫీసులో అడిగాకే చెట్టు కొట్టించాం. చెట్టు తప్పేమీ లేదు; చిన్నపిల్లలున్న పెరట్లో మొలిచింది, అంతే. మోడు మళ్లీ చిగురించింది. అంతలో నాకు బదిలీ వచ్చింది. తాళంచెవులతో పాటు తర్వాత వచ్చేవారికి ఒక కాగితం రాసి పెట్టాను: "బోరు పక్కన చిగురించేది వేప కాదు. పండు విషం. పిల్లలు జాగ్రత్త."

నా సర్వీసులో నేను సరిగ్గా ఇచ్చిన ఛార్జి నోటు అదే అనిపిస్తుంది.