రెండు స్టేషన్లు, ఒకే మనిషి
(ఎల్‌బీ నగర్‌లో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా చిన్నమ్మ ఈ ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర కనిపించకుండా పోయి ఆరేళ్లు దాటింది. ఆమెకు మానసిక జబ్బు. మందులు వేసుకున్నన్నాళ్లూ ఇంటి పనంతా చేసేది. ఆపితే తన పేరు కూడా చెప్పలేకపోయేది. స్టేషన్‌కు వెళితే మొదట అడిగింది, "ఎవరితోనైనా వెళ్లిందా?" అని. ఆడమనిషి కనబడలేదంటే ముందు ఆమె నడవడినే విచారిస్తారు. జబ్బు సంగతి మేమూ చెప్పలేదు. చెబితే పిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయని దాచాం. 'మహిళ అదృశ్యం' అని కేసు కట్టారు. నేటికీ ఆచూకీ లేదు.

ఈ చౌరస్తాలో బస్సెక్కితే సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ. 2014 తర్వాత విజయవాడ వేరే రాష్ట్రం. అక్కడ బస్టాండులో పేరు చెప్పలేని స్త్రీ దొరికితే, ఆ కబురు ఇక్కడి ఫైలుకు ఎలా చేరాలి?

దీనికి చట్టం దారి చూపింది. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నూరో సెక్షన్ చూడండి. జబ్బుతో తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ కట్టాలి. ఆమె కుటుంబాన్ని వెతకడం స్టేషన్ అధికారి విధి. అంటే పోయిన చోటే కాదు, దొరికిన చోట కూడా వెతుకులాట మొదలు కావాలి.

తేలని ఫైలు ఎంత ప్రమాదమో హాజీపూర్‌లో చూశాం. 2015లో కనిపించకుండా పోయిన పదకొండేళ్ల పాప అవశేషాలు 2019లో, మరో అమ్మాయి హత్య బయటపడ్డాకే పాడుబడ్డ బావిలో దొరికాయి.

కనుక ఫిర్యాదులో జబ్బు, వాడే మందులు, ఒంటిమీది గుర్తులు తప్పక రాయించండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా పొందడం మీ హక్కు. హైవే వెంట ఉన్న స్టేషన్లకు, పక్క రాష్ట్రానికి, ఎర్రగడ్డ ఆసుపత్రికి, మార్చురీలకు, ఆశ్రయ గృహాలకు వివరాలు పంపారా అని రాతపూర్వకంగా అడగండి. ఒంటరిగా కాదు, పదిమంది కలిసి వెళ్లండి.

జబ్బు దాచుకోవలసిన సిగ్గు కాదు. మేము ఆ రోజు నోరు విప్పి ఉంటే, ఏదో ఒక ఊళ్లో 'పేరు తెలియదు' అని రాసుకున్న మనిషి మా చిన్నమ్మేనని ఎవరైనా గుర్తుపట్టేవారేమో. మీ ఇంట్లో ఆ పొరపాటు జరగనివ్వకండి.